చంద్రపూర్ ఎండలో పై అంతస్తు గది: నా అనుభవం

మహారాష్ట్ర విదర్భలోని చంద్రపూర్‌లో మా గది అద్దె 2,800. అదే ఇంట్లో కింది వాటా గదికి 3,200. ఈ తేడా ఎందుకని గది చూడ్డానికి వెళ్ళిన రోజు అడిగితే, "పైకి మెట్లెక్కాలి కద బిడ్డా" అంది ఇంటి ఆంటీ. అప్పుడు జులై, బయట ముసురు. గది చల్లగా, మంచి వెలుతురుతో ఉంది. అసలు కారణం మార్చి మూడో వారంలో తెలిసింది.

నాది పక్క జిల్లా గడ్చిరోలిలోని సిరొంచ. నా రూమ్మేట్‌ది ఆ జిల్లాలోనే అహేరి. ఇద్దరికీ ఎండ కొత్త కాదు. కానీ మా ఇళ్ళు పెంకుటిళ్ళు, పైన వేపచెట్టు నీడ. పొద్దుగూకితే ఇల్లు కూడా చల్లబడుతుంది. ఇక్కడ నెత్తి మీద ఉన్నది ఐదారంగుళాల సిమెంటు స్లాబు, దాని మీద ఏ అడ్డూ లేని సూర్యుడు. పడమటి వైపు ఒక కిటికీ, తూర్పున తలుపు, బాత్రూమ్ పక్కన చిన్న గట్టు. అంతే గది.

అందరూ మధ్యాహ్నం గురించి భయపెడతారు. నిజానికి మధ్యాహ్నం మేము గదిలో ఉండేవాళ్ళం కాదు, కాలేజీ లేదంటే అభ్యాసిక, అంటే డబ్బు కట్టి చదువుకునే రీడింగ్ రూమ్. నెలకు 700 కడితే ఏసీలో ఒక కుర్చీ, ఒక ప్లగ్గు ఇస్తారు. మమ్మల్ని చంపింది రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. పగలంతా తాగిన ఎండను స్లాబు అప్పుడే కిందికి వదిలేది. మంచం మీద నిలబడి చెయ్యి పైకెత్తితే, పైకప్పుకి ఇంకా జానెడు దూరం ఉండగానే అరచేతికి సెగ తగిలేది, రొట్టెల పెనం మీద చెయ్యి పెట్టి చూసినట్టు. ఫ్యాన్ వేస్తే ఆ సెగే మొహానికి కొట్టేది. ఆపేస్తే చెమట.

220 రూపాయలు పెట్టి చిన్న డిజిటల్ థర్మామీటర్ కొన్నాను, తేమ కూడా చూపించే రకం. డబ్బు దండగ అని రూమ్మేట్ గొణిగింది కానీ, ఆ తర్వాత పెట్టిన ఖర్చుల్లో ఏది పని చేసిందో, ఏది చెయ్యలేదో చెప్పింది అదే. మార్చి చివర ఒక రాత్రి పదింటికి బయట మెట్ల మీద 32, లోపల 38. గదిలోంచి బయటికి వస్తే ఏసీలోకి వచ్చినట్టుండేది.

మొదట పైసా ఖర్చు లేని పనులు చేశాం. పొద్దున ఏడున్నరకే కిటికీ, తలుపు మూసేయడం, చీకటి పడ్డాక తెరవడం. ఎండలో కిటికీ తెరిస్తే గాలి వస్తుందనేది ఇక్కడ చెల్లదు, వచ్చేది వడగాలి. పడమటి కిటికీకి లోపల పరదా ఉండేది కానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను పరదా ఏం చేస్తుంది? నర్సరీ సామాన్లమ్మే కొట్లో 240కి ఆకుపచ్చ షేడ్ నెట్ తెచ్చి, కిటికీకి బయటి వైపు, గోడకు జానెడు ఎడంగా కట్టాం. ఆ సాయంత్రం నుంచే కిటికీ పక్క గోడ ముట్టుకోగలిగేలా అయింది. రాత్రి మాత్రం ఒక డిగ్రీ కూడా తగ్గలేదు.

"డాబా మీద పడుకోండి" అన్నవాళ్ళు చాలామంది. అబ్బాయిలకైతే ఆ మాటతో అయిపోతుంది. మా డాబా మీద ఆంటీ వాళ్ళ అబ్బాయిలు పడుకునేవాళ్ళు, పక్క డాబాల మీద ఊరంతా. ఒక రాత్రి ఆంటీ తన పక్కన చాప వేయించి పడుకోబెట్టింది. గాలి బాగుంది. దోమలు అంతకంటే బాగున్నాయి. పొద్దున లేస్తే దుప్పటి మీద సన్నటి నల్ల నుసి. బొగ్గు గనుల ఊరు కదా.

ఇంట్లో అమ్మకి రోజూ ఒకటే ప్రశ్న: "కుండ కొన్నవానే?" కొన్నాను, 180. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నిద్ర మాత్రం లేదు. ఒక రాత్రి రెండింటికి రూమ్మేట్ పుస్తకం ముందేసుకుని ఏ కారణం లేకుండా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. స్నానం చేద్దామని నల్లా తిప్పితే ట్యాంకులోంచి కాగిన నీళ్ళు. పరీక్షలు ఏప్రిల్ చివర్లో మొదలు. ఇక ఏదో ఒకటి చెయ్యకపోతే సబ్జెక్టులు పోతాయని అర్థమైంది.

డాబాకి సున్నం వేద్దామన్న ఆలోచన మా ఫిజిక్స్ సర్‌ది. తెల్లటి ఉపరితలం ఎండను తిప్పికొడుతుంది, స్లాబు అంతగా వేడెక్కదు, వేడెక్కాక ఊదుకోవడం కంటే అది నయం అన్నారు. పక్కనున్న తెలంగాణ 2023లో కూల్ రూఫ్‌ల కోసం ఏకంగా ఒక పాలసీయే తెచ్చిందని కూడా చెప్పారు. ఆంటీకి పాలసీ సంగతి చెప్తే నవ్వింది. ఆమె బాధ వేరు. మార్చి, ఏప్రిల్ అంటే ఆమెకు పాపడాలు, కుర్డాయిలు (జంతికల్లా ఒత్తే వడియాలు) ఎండబెట్టే కాలం. ఏడాదికి సరిపడా అన్నీ ఆ డాబా మీదే. "సున్నమేస్తే కాళ్ళకంటుతది, పాపడాలకంటుతది. ఉగాది అయినంక సూద్దాం" అంది. ఉగాది అయింది. కుర్డాయిలు అవ్వలేదు. ఇంకో వారం. మేమిద్దరం ఒక ఆదివారం పొద్దున్నుంచి కూర్చుని ఆమెకు కుర్డాయిలు ఒత్తిపెట్టాం. చేతులు పడిపోయాయి కానీ మా గది పైనున్న సగం డాబా మాకు రాసిచ్చినట్టే ఇచ్చింది. మిగతా సగం ఆమె పాపడాలది.

ఈ పని ఎవరైనా చెయ్యాలనుకుంటే మేము చేసిన వరస ఇది. ముందు రోజు సాయంత్రం సున్నాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో నానబెట్టాం. పొద్దున పాత చీరలో వడగట్టి, తెల్ల జిగురు కలిపాం. జిగురు లేకపోతే ఎండాక పొడిపొడిగా లేచిపోయి కాళ్ళకంటుతుందని రంగుల కొట్టాయన చెప్పాడు. డాబాని ముందు చీపురుతో తోమి, నీళ్ళు చల్లి తడిపాక వెయ్యాలి. కాగిన సిమెంటు మీద వేస్తే బ్రష్షు లాగేలోపే ఆరిపోయి పట్టదు. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఏడున్నరకి ఒక పూత ముగించాం. మర్నాడు రెండో పూత. కళ్ళజోడు, చేతులకు తొడుగులు తప్పనిసరి. నానిన సున్నం చుక్క పడితే చర్మం మండుతుంది, కంట్లో పడితే ఆస్పత్రే. సున్నం, జిగురు, బ్రష్షులు అన్నీ కలిపి 850 అయ్యాయి. కూల్ రూఫ్ పెయింట్ అడిగితే దీనికి ఎన్నో రెట్లు చెప్పాడు. అద్దె గదికి అంత పెట్టబుద్ధి కాలేదు.

రెండో పూత ఆరిన రోజు మధ్యాహ్నం పైకెళ్ళి చెప్పుల్లేకుండా నిలబడి చూశాను. తెల్లటి సగం మీద నిలబడగలిగాను. ఆంటీ సగం మీద రెండడుగులు వేసి గెంతుకుంటూ వచ్చాను. ఆ రాత్రి పదింటికి గది 35. అంతకుముందు రాత్రి 39. ఎండలో తేడా లేదు, ఏప్రిల్ రెండో వారం, పగలు 43 నడుస్తోంది. ఆ నాలుగు డిగ్రీలకి ఎంత పొంగిపోయామంటే, రూమ్మేట్ థర్మామీటర్‌ని ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది. సంతోషం వారమే. మూడో వారంలో ఎండ 45 దాటింది, గది మళ్ళీ 37కి ఎక్కింది. సున్నం వేడిని రానివ్వకుండా చేసింది కానీ, ఉన్న గాలిని చల్లగా చెయ్యదు కదా. కూలర్ తప్పలేదు.

విదర్భలో కూలర్ లేని ఇల్లుండదు. ఇక్కడి గాలి ఎండుగాలి, తడి గడ్డిలోంచి పోనిస్తే నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. ఒడిశాలోని బ్రహ్మపురంలో చదివే మా కజిన్ "కూలరా? మాకు అది దండగ, ఉక్కపోత ఇంకా పెరుగుతుంది" అంటుంది. సముద్రం పక్క ఊళ్ళో ఆమె మాట నిజం. ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం నా మీటర్‌లో తేమ 12 శాతం.

కొత్తది మా వల్ల కాదు. పాత రేకు కూలర్ ఒకటి 2,600కి దొరికింది. మూడు వైపులా గడ్డి కొత్తది 300, పంపు 280. వట్టివేరు ప్యాడ్లు కూడా చూపించారు, వాసన ఎంతో బాగుంది, ధర కాదు. కొన్నాక నాలుగు రోజులు అది కొట్లోనే ఉండిపోయింది. ఫిట్ చెయ్యడానికి మనిషి లేడు. ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో కూలర్ మెకానిక్‌కి ఉండే డిమాండ్ మంత్రులకి కూడా ఉండదు. పొద్దున ఫోన్ చేస్తే "సాయంత్రం", సాయంత్రం చేస్తే "రేపు". ఫిబ్రవరిలో కొంటే వాళ్ళే ఇంటికొచ్చి బిగించి పోతారట.

ఇక్కడ ఒక విషయం కాస్త ఆగి చెప్పాలి. మెకానిక్ బిగించి, నీళ్ళు పోసి, ఆన్ చేసి "బస్" అని వెళ్ళబోతుంటే ఆంటీ పెద్దబ్బాయి టెస్టర్ తెచ్చి కూలర్ రేకుకి ఆనించాడు. టెస్టర్‌లో చిన్న నారింజ రంగు దీపం వెలిగింది. మసకగానే, కానీ వెలిగింది. పాత కూలర్‌కి ఉన్నది రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు. లోపల పంపు వైరు ఒకచోట టేపు ఊడి రేకుకి తగులుతోంది. తడి నేల, తడి చేతులు, రేకు డబ్బా. ప్రతి ఎండాకాలం ఇక్కడి పేపర్లలో కూలర్ షాక్‌తో పోయినవాళ్ళ వార్త వస్తుంది, అది ఎలా జరుగుతుందో ఆ దీపం చూశాక తెలిసింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు, కొత్త పంపు వైరు వేయించాం. ఎర్త్ పాయింట్‌లో అసలు ఎర్త్ ఉందో లేదో కూడా బల్బు పెట్టి చూశాడు. కూలీతో సహా 350. నీళ్ళు పోసేముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు పీకాలి అని ఆంటీ మాతో ఒట్టు వేయించుకుంది.

తర్వాతి గొడవ కూలర్ ఎక్కడ పెట్టాలన్నది. కిటికీ గ్రిల్లు కొయ్యడానికి ఆంటీ ఒప్పుకోలేదు. బయట పెడితే దొంగలు అంది. దాంతో లోపల, మూలకు పెట్టారు. మొదటి గంట స్వర్గం. పన్నెండింటికి దిండు చెమ్మగిల్లింది, నోట్సు కాగితాలు మెత్తబడ్డాయి, ఒళ్ళు జిడ్డు. మీటర్‌లో తేమ 84. గదిలోని తడిగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది కాబట్టి నీరు ఇక ఆవిరి కాలేదు. కూలర్ బయటి ఎండుగాలిని లాగాలి, లోపలికి వచ్చిన గాలి ఇంకో దారిన బయటికి పోవాలి. రెండూ లేకపోతే అది నీళ్ళు చల్లే ఫ్యాను.

పగలు ఆంటీని కూర్చోబెట్టి మీటర్ చూపించాం. నమ్మింది. కిటికీ బయట సజ్జా మీద ఇనుప స్టాండు (500) వేసి, దానికి గొలుసు, తాళం. కిటికీ రెక్కలు ఊడదీసి, గ్రిల్లులోంచే గాలి వచ్చేలా ఆనించి, చుట్టూ సందులు థర్మాకోల్‌తో మూశాం. గాలి వచ్చే దారి అయింది. పోయే దారి? తలుపు కొద్దిగా తెరిచిపెట్టండి అన్నాడు మెకానిక్. ఇద్దరు ఆడపిల్లలున్న గది తలుపు రాత్రంతా ఎవరు తెరిచిపెడతారు! తలుపు పైన వెంటిలేటర్ ఉంది కానీ దానికి అద్దం బిగించేసి ఉంది. వడ్రంగి వచ్చి ఆ అద్దం తీసి దోమల జాలీ కొట్టాడు, 150. ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకగా అతి ఎక్కువ లాభం ఇచ్చింది ఇదే. అది పని చేస్తోందో లేదో చూడ్డానికి న్యూస్ పేపర్ ముక్క ఒకటి చింపి జాలీ దగ్గర పట్టుకున్నా. కూలర్ వెయ్యగానే ముక్క బయటి వైపు లేచి జాలీకి అతుక్కుంది.

ఆ రోజు మధ్యాహ్నం బయట 44, కూలర్ మూతి దగ్గర 29. రాత్రి గది మధ్యలో 28, తేమ 60. దుప్పటి కప్పుకున్నాం. ఏప్రిల్ నెలలో, చంద్రపూర్‌లో!

నీళ్ళ సంగతి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. మా కూలర్ ట్యాంకు చిన్నది. రాత్రి పదింటికి నింపితే మూడింటికల్లా అడుగంటేది. పంపు గర్రుమని మోగడం, ఆ వెంటనే వేడిగాలి. ఎండిన పంపు అలాగే తిరిగితే కాలిపోతుంది, మాది ఒకటి కాలింది, ఇంకో 280. అందుకని వంతులేసుకుని మూడింటికి అలారం పెట్టుకుని రెండు బకెట్లు పోసేవాళ్ళం. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి వాటిని కూలర్‌కి వాడొద్దని ఆంటీ షరతు. కింద బోరు దగ్గర్నుంచి మొయ్యాలి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. పది రోజులకి గడ్డి మీద తెల్లటి పెచ్చు కట్టి గాలి తగ్గేది. వారానికోసారి ట్యాంకు మొత్తం ఒంపేసి, గడ్డిని నీళ్ళతో కొట్టి కడిగితే మళ్ళీ మామూలు. ఎలాగూ వారానికోసారి ఒంపాల్సిందే, లేకపోతే డెంగీ దోమలు అందులోనే గుడ్లు పెడతాయి.

రూమ్మేట్ ఒకసారి 20 రూపాయల ఐసు తెచ్చి ట్యాంకులో వేసింది. అరగంట బాగుంది. తర్వాత కూర్చుని లెక్క వేశాం: కిలో ఐసు కరగడానికి లాక్కునే వేడి 334 కిలోజౌళ్ళు, కిలో నీళ్ళు ఆవిరవ్వడానికి 2,400 పైచిలుకు. బోరు నీళ్ళే ఐసు కంటే ఏడు రెట్లు పని చేస్తున్నాయి, అదీ ఉచితంగా. అలాగే ట్యాంకు నీళ్ళు వేడిగా ఉన్నాయని పొయ్యకుండా ఆగక్కర్లేదు, కూలర్‌లో తిరుగుతూ అవే చల్లబడతాయి.

కరెంటు గురించి ఆంటీ మొదట "కూలరుంటే నెలకు 600 ఎక్కువ" అంది. సబ్ మీటర్ ఉంది కదా, యూనిట్‌కి పది చొప్పున కడతామని బతిమాలి ఒప్పించాం. మే నెల వచ్చేసరికి బిల్లు 1,120. మామూలుగా మూడొందలు అయ్యేది. అంటే అటూ ఇటుగా 80 యూనిట్లు కూలర్‌వి. ఆమె అడిగిన 600 ఒప్పుకుని ఉంటే మాకే లాభమయ్యేది. ఈ సంగతి ఆమెకు ఇంకా తెలీదు.

పరీక్షలు అయ్యాయి. ఎలా రాశామన్నది వేరే కథ, కానీ నిద్రపోయి వెళ్ళి రాశాం. ప్రాక్టికల్స్ వల్ల నౌతపా రోజుల్లో కూడా ఇక్కడే ఉండాల్సి వచ్చింది. మనవాళ్ళు రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారే, అదే రోజులు. ఒక రాత్రి పదకొండింటికి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. కూలర్ లేని ఆ రాత్రి గది 36 దగ్గర ఆగింది. తడి చున్నీలు కప్పుకుని తలుపు దగ్గర కూర్చున్నాం. సున్నం లేకపోతే ఎంత ఉండేదో లెక్క వెయ్యదల్చుకోలేదు.

జూన్ రెండో వారం దాటాక మబ్బులు మొదలయ్యాయి, కూలర్ పనితనం పడిపోయింది. అదే కూలర్, అవే నీళ్ళు, కానీ ఒళ్ళంతా జిగట. పంపు ఆపేసి వట్టి గాలి పెట్టుకుంటేనే నయంగా ఉండేది. మొదటి పెద్ద వానకి డాబా సున్నం అక్కడక్కడా కరిగి కింది వాటా గోడ మీద తెల్లటి చారలు కట్టాయి. ఆంటీ ఒక రోజంతా మాట్లాడలేదు. గోడ కడిగి పెట్టాం. వచ్చే ఏడు నీళ్ళు కారే గొట్టం వైపు రెండడుగులు వదిలేసి వెయ్యాలని రూమ్మేట్, అసలు తన సగానికి కూడా వెయ్యమని ఆంటీ.

ఖర్చు మొత్తం ఆరు వేలు దాటలేదు, ఇద్దరికీ చెరి సగం. కరెంటు వేరు. గడ్డి తీసి పారేశాం, ట్యాంకు ఆరబెట్టాం, పంపు విప్పి కవర్లో కట్టి మంచం కింద పెట్టాం. కూలర్ అమ్మిన కొట్టతన్ని తిరిగి తీసుకుంటావా అని అడిగితే 1,200 ఇస్తానన్నాడు. మార్చిలో దీన్నే అతను ఎంతకి అమ్ముతాడో మాకు తెలుసు. ఇవ్వలేదు.